సంక్రాంతికి పిల్లలు తమ చేత్తో చేసి ఇచ్చే చవకైన కానుకలు చెప్పండి

ఎంవీపీ కాలనీ అమ్మ:

అందరికీ నమస్తే. మాకు పదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. మొన్న క్రిస్మస్‌కి మా పై ఫ్లాట్ వాళ్ల పిల్లలు తాము చేసిన కాగితం స్టార్, కేకు ముక్కలు తెచ్చి ఇచ్చినప్పటి నుంచి మా ఇద్దరిదీ ఒకటే గొడవ, పండక్కి మేం కూడా అందరికీ ఏదో ఒకటి చేసి ఇవ్వాలి అని. ఆ కోరిక నాకు చాలా నచ్చింది, ఎలాగైనా తీర్చాలని ఉంది. అందరూ అంటే మా ఫ్లోర్‌లో నాలుగిళ్లు, వ్యాన్ అంకుల్, వాచ్‌మన్ గారి కుటుంబం, ఇంట్లో పని చేసే అక్క, ట్యూషన్ మేడమ్, విజయనగరంలో మా మామ్మగారు, తాతగారు.

మొత్తం మీద ఐదొందలు దాటకూడదు. నేను ఉద్యోగం చేస్తాను కాబట్టి సాయంత్రం ఓ గంట, ఆదివారం కాస్త ఎక్కువ కూర్చోగలను. వీడియోల్లో చూస్తే వేడి జిగురు గన్ అంటారు, ఆన్‌లైన్‌లో ఏదో కిట్ కొనమంటారు, చివరికి పనంతా తల్లి చేసి పిల్లల పేరు రాయడమే. అలాంటివి వద్దు. పిల్లల చేతులతోనే అయ్యేవి, తీసుకున్నవాళ్లు పక్కన పడేయకుండా వాడుకునేవి ఏమైనా ఉంటే చెప్పండి. పొయ్యి దగ్గర పని నేను చేసిపెడతాను.

గాజువాక టీచరమ్మ:

నేను ఆరు, ఏడు తరగతులకి సైన్స్ చెప్తాను, ప్రతి ఏడాదీ సెలవులకి ముందు పిల్లలతో ఇలాంటివి చేయిస్తుంటాను. ముందుగా ఒక మాట. పదిమందికి పది రకాలు పెట్టుకోకండి. ఒకటో రెండో రకాలు ఎంచుకుని అందరికీ అవే చేయించండి. పిల్లలకి మొదటిది వంకరగా వస్తుంది, నాలుగోదానికి చెయ్యి తిరుగుతుంది, ఆ తర్వాత మిమ్మల్ని పక్కకి జరగమంటారు. రకం మారిస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

మీ పాప వయసుకి పసుపు కార్డు బాగుంటుంది. పసుపుని కొంచెం నీళ్లలో చిక్కగా కలిపి తెల్లటి దళసరి కాగితం మీద దూదితో పూసి నీడలో ఆరబెట్టండి. మరో గిన్నెలో అర గ్లాసు నీళ్లలో ఓ చెంచా వంట సోడా కలపండి. దూది చుట్టిన పుల్లని అందులో ముంచి పసుపు కాగితం మీద గీస్తే గీసినచోటల్లా ఎర్రగా వస్తుంది. పసుపులో ఉండే కర్కుమిన్ క్షారం తగలగానే ఎరుపెక్కుతుంది, పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసేదీ ఇందుకే. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, చర్మం కాలుతుంది, కళ్లలో పడితే ఇంకా ప్రమాదం. వంట సోడాతో ఆ భయం లేదు. సబ్బు నీళ్లతోనూ వస్తుంది.

దీంట్లోనే ఇంకో సరదా ఉంది. పసుపు పూయకుండా, తెల్ల కాగితం మీద సోడా నీళ్లతోనే ఉత్తరం రాసి ఆరబెడితే ఏమీ కనపడదు. దాన్ని చిన్న పొట్లం పసుపుతో కలిపి మామ్మగారికీ తాతగారికీ ఇవ్వండి. పసుపు నీళ్లు పూస్తే అక్షరాలు ఎర్రగా బయటపడతాయి. ఎలా చేయాలో పాప చేతే ఒక చీటీ రాయించి జత చేయండి. నీళ్లలో సోడా పూర్తిగా కరగాలి, లేకపోతే ఆరాక తెల్లటి పొడి కనిపించి గుట్టు బయటపడుతుంది. బట్టల మీద పసుపు పడితే కంగారు పడకండి, సబ్బు తగలగానే ఎర్రబడుతుంది గానీ ఉతికి ఎండలో వేస్తే నెమ్మదిగా పోతుంది. ఎండకి పసుపు రంగు వెలిసిపోతుంది కాబట్టే ఆ కార్డుల్ని కిటికీ దగ్గర పెట్టవద్దని కూడా చెప్పండి.

మీ బాబుకి బెండకాయ అచ్చులు. ముదురు బెండకాయని తొడిమ దగ్గర అడ్డంగా కోసి, కోసిన వైపు బట్ట మీద అద్ది జిగురు తుడిచి, పోస్టర్ కలర్‌లో ముంచి కాగితం మీద నొక్కితే ఐదు రేకుల పువ్వు పడుతుంది. అరటి ఆకు మట్టని అడ్డంగా కోస్తే లోపల గదులు గదులుగా ఉంటుంది, దాని అచ్చు ఇంకా అందంగా వస్తుంది. మీ దగ్గర రైతు బజార్ ఉంది కదా, ముదిరిన కాయలు ఏరి పక్కన పెట్టమని అడిగితే దాదాపు ఊరికే ఇస్తారు. ఐదేళ్ల పిల్లలు దీన్ని అలుపు లేకుండా చేస్తారు. ఆ కాగితాలే కార్డులకి, కవర్లకి పనికొస్తాయి.

ఆ ఆదివారం పిల్లలకి ఏటికొప్పాక బొమ్మల సంగతి చెప్పండి. మన విశాఖ పక్కనే, ఎలమంచిలి దగ్గర ఊరు. అంకుడు కర్ర మీద లక్క పూసి, పసుపు, జాఫ్రా గింజల్లాంటి వాటితో తీసిన రంగులు వేస్తారు, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంట్లో ఏటికొప్పాక బొమ్మ ఒకటి ఉంటే అది చూపించి, ఇప్పుడు నువ్వు కూడా వంటింటి రంగుతోనే పని చేస్తున్నావు అంటే పిల్లల మొహం వెలిగిపోతుంది.

భీమిలి మామ్మ:

అమ్మాయ్, కాగితాలు బాగానే ఉంటాయి గానీ పండగంటే నోటికి తీపి ఉండాలి కదమ్మా. పిల్లలు చేసేది చిమ్మిలి. నువ్వులు నువ్వు దోరగా వేయించి చల్లార్చి ఇవ్వు. గ్లాసు నువ్వులకి ముప్పావు గ్లాసు తరిగిన బెల్లం, రెండు ఏలకులు. ముందు నువ్వుల్ని మిక్సీలో ఆపి ఆపి తిప్పు, పూర్తిగా పొడి చేసేస్తే నూనె దిగి ముద్దయిపోతుంది. తర్వాత బెల్లం వేసి మళ్లీ రెండుసార్లు తిప్పితే చాలు. పాకం లేదు, నెయ్యి లేదు. పళ్లెంలో పోసి ఇచ్చావంటే గుంటలిద్దరూ గుప్పిట్లో నొక్కి ఉండలు చేసేస్తారు. ఉండ విడిపోతుంటే చెయ్యి కొంచెం తడి చేసుకోమను, ఎక్కువ తడి మాత్రం వద్దు, నిలవ ఉండదు. గుండ్రంగా రాలేదని మళ్లీ నువ్వు చుట్టకు. వాడి బుల్లి గుప్పిట అచ్చు దాని మీద కనబడితేనే అందం.

నువ్వులు పడనివాళ్లు కొందరుంటారు, వాళ్లకి పుట్నాల లడ్డు. పుట్నాల పప్పు పొడి రెండు గ్లాసులు, పంచదార పొడి గ్లాసుకి కొంచెం తక్కువ, ముద్ద కట్టేదాకా కరిగిన నెయ్యి. ఇదీ పొయ్యి లేని పనే. నెయ్యి వేడి తగ్గాకే పిల్లల్ని చెయ్యి పెట్టనివ్వు.

ఇంకోటి, భోగి పిడకల దండ. మా చిన్నప్పుడు ధనుర్మాసం రాగానే మొదలుపెట్టేవాళ్లం. పాలు పోసే మనిషిని అడిగితే ఆవు పేడ తెచ్చి పెడతాడు. గోడకి కొట్టే పెద్ద పిడకలు కావు, అరచేతిలో సగం అంతవి బిళ్లలుగా చేసి మధ్యలో వేలితో చిల్లు పెట్టి ఎండబెట్టాలి. రెండు వైపులా తిరగేస్తూ బాగా ఎండాక పురికొసకి గుచ్చాలి. అపార్ట్‌మెంట్‌లో పిల్లలకి భోగి మంటలో వేయడానికి దండ ఎక్కడ దొరుకుతుంది చెప్పు? ఇప్పుడు కొనుక్కుంటున్నారట కూడా. మీ ఫ్లోర్‌లో పిల్లలున్న ఇళ్లకి తలా ఒక దండ ఇవ్వండి, భోగి పొద్దున్న పిల్లలందరూ వరుసగా వచ్చి వేస్తుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. ఎండటానికి వారం పైనే పడుతుంది, మబ్బు పట్టిందంటే ఇంకా ఎక్కువ. ఇప్పుడే మొదలుపెట్టు.

పెద్దవాళ్లకి అయితే సున్నిపిండి. భోగి తలంటుకి అందరికీ పనికొస్తుంది. అరకిలో పెసలు, పావుకిలో శనగపప్పు, గుప్పెడు బియ్యం, ఇప్పుడు వచ్చే కమలాపళ్ల తొక్కలు ఎండబెట్టి, గులాబీ రేకులు ఉంటే అవి, కొంచెం కస్తూరి పసుపు. తొక్కలు ఒలిచి ఎండబెట్టేది పిల్లలు, మిల్లుకి మీరు పట్టుకెళ్లండి, జల్లించి సీసాల్లో నింపేది మళ్లీ పిల్లలే. వంటింట్లో శనగపిండి అనుకుని బజ్జీలు వేయకుండా సీసా మీద ఒంటికి రాసుకునేది అని పెద్ద అక్షరాలతో రాయించు.

ఉక్కునగరం నాన్న:

మామ్మగారూ, చిమ్మిలి కొలత రాసుకున్నాను, థాంక్స్ అండీ.

నేను రెండు చిన్న విషయాలు చెప్తాను. ఒకటి, వీడియోల్లో మైదా, ఉప్పు కలిపి బొమ్మలు, వేలాడదీసే బిళ్లలు చేయడం చూపిస్తారు. రెండు వంతుల పిండి, ఒక వంతు ఉప్పు, ముద్దకి సరిపడా నీళ్లు. చేయడం తేలిక, పిల్లలకి భలే ఇష్టం. కానీ మన విశాఖ గాలికి అవి నిలవవు. ఉప్పు గాలిలో చెమ్మ పీల్చుకుని కొన్నాళ్లకి మెత్తబడుతుంది, బీచ్‌కి దగ్గరగా ఉన్నవాళ్లకి ఇంకా తొందరగా. రంగు మీద వార్నిష్ రెండు పూతలు వేస్తే కొంత ఆగుతుంది గానీ ఆ వార్నిష్ వాసన, ఖర్చు చూస్తే పిల్లల పనికి అనవసరం అనిపిస్తుంది. ఉప్పులో రంగు కలిపి ముగ్గుకి సీసాల్లో ఇవ్వాలనుకున్నా ఇదే చిక్కు, గడ్డకడుతుంది. బియ్యప్పిండితో చేయండి, చీమలు, పిచ్చుకలు కూడా తింటాయి.

రెండోది కొబ్బరి చిప్పలో మెంతికూర. మా అబ్బాయి రెండో తరగతిలో ఉన్నప్పటి నుంచి చేస్తున్నాడు. కొబ్బరికాయకి మూడు కళ్లుంటాయి కదా, అవి ఉన్న చిప్ప తీసుకోండి. అందులో ఒక కన్ను మెత్తగా ఉంటుంది, మేకుతో పొడిస్తే చిల్లు పడుతుంది, నీరు దిగడానికి అదే చాలు. అడుగున కొంచెం పీచు, పైన మట్టి, రాత్రంతా నానబెట్టిన మెంతులు చల్లి పలచగా మట్టి కప్పాలి. మూడు నాలుగు రోజుల్లో మొలకలు కనపడతాయి, వారానికి ఇచ్చేలా ఉంటుంది. అంటే భోగికి వారం ముందు చల్లుకోవాలి. చిప్పలు అపార్ట్‌మెంట్‌లో అందరి దగ్గరా పోగు చేయవచ్చు, గుళ్లో అడిగినా ఇస్తారు. చిప్ప దొర్లిపోకుండా కింద పాత చేతి గాజు పెట్టండి, సరిగ్గా కూర్చుంటుంది.

కవర్లకి పాత క్యాలెండర్ కాగితం వాడండి, ఈ నెలలో ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది, దళసరిగా ఉంటుంది, వెనక తెల్లగా ఉంటుంది. జిగురు కొనక్కర్లేదు, ఓ చెంచా మైదాని నీళ్లలో ఉడికిస్తే చాలు. పూర్వం పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేసేవారు, అది విషం, పిల్లలు ముట్టుకునేదాంట్లో వద్దు.

ఎంవీపీ కాలనీ అమ్మ:

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు. పసుపు ఉత్తరం సంగతి చదివి వినిపిస్తే పాప అప్పుడే వంట సోడా డబ్బా తీసేసింది.

ఇంకో రెండు అడగాలి. మావాడి దగ్గర ఆర్కే బీచ్‌లో, రుషికొండలో ఏరిన గవ్వలు, చిప్పలు ఒక సంచెడు ఉన్నాయి. వాటితో ఫొటో ఫ్రేములు చేసి ఇస్తానంటున్నాడు, పర్వాలేదా? రెండోది కొంచెం చెప్పడానికి ఇబ్బందిగా ఉంది. ఇంట్లో పని చేసే అక్కకి, వాచ్‌మన్ గారి ఇంటికి ఇలా పిల్లలు చేసిన కార్డో లడ్డో ఇస్తే, డబ్బులివ్వకుండా ఇదేంటి అనుకుంటారేమో. అలాగని వాళ్లని వదిలేయడం నాకు ఇష్టం లేదు.

లాసన్స్ బే రెసిడెంట్:

గవ్వల గురించి నేను చెప్తాను, జువాలజీ చదివాను, పొద్దున్నే బీచ్‌లో నడక అలవాటు. ఒడ్డున విరిగి, అరిగి పడి ఉన్న ఖాళీ చిప్పలు కొన్ని ఏరుకుంటే ఫర్వాలేదు. కానీ ఏరే ముందు లోపల చూడటం నేర్పించండి. శంఖం లాంటి గుల్లల్లో చాలాసార్లు చిన్న పీత కాపురం ఉంటుంది. దానికి వెనక భాగం మెత్తగా ఉంటుంది, సొంత గుల్ల ఉండదు, ఖాళీ గుల్ల దొరికితేనే బతుకుతుంది. పెరిగేకొద్దీ పెద్ద గుల్లలోకి మారుతుంది. మనం మంచి గుల్లలన్నీ సంచిలో వేసుకొస్తే దానికి ఇల్లు దొరకదు. అందుకని మెలిక తిరిగిన గుల్లలు అక్కడే వదిలేసి, రెండు పలకల చిప్పలవి విడి ముక్కలు ఏరుకోమనండి. కొన్ని రకాల శంఖాలకీ గుల్లలకీ 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది, అమ్మకానికి పెట్టిన పెద్ద శంఖాలు కొని అతికించే ఆలోచన అసలు వద్దు.

ఉన్న సంచెడూ వాడేయండి, కొత్తగా ఏరొద్దు. మంచి నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో తోమి, ఎండలో ఆరబెట్టాలి, లేకపోతే నీచు వాసన వస్తుంది. అట్ట ముక్కని ఫ్రేములా కోసి ఫెవికాల్‌తో అతికించండి. బరువైనవి కింది వైపు, తేలికవి పైన. పూర్తిగా ఆరేదాకా నిలబెట్టకండి. అదీ మామ్మగారికి ఒక్కటి చేస్తే చాలు. మెరుపు పొడి అడుగుతాడు, ఇవ్వకండి, అది ప్లాస్టిక్ పొడే, కడిగితే కాలవలోంచి మళ్లీ ఆ సముద్రంలోకే పోతుంది.

కంచరపాలెం టైలరక్క:

అమ్మా, మీ రెండో ప్రశ్నకి నేనే చెప్పాలి. మా అమ్మ ఇళ్లల్లో పని చేసి మమ్మల్ని చదివించింది. పండగ మామూలు వేరు, కానుక వేరు. మీరు ఇచ్చే డబ్బులో చీరో ఎప్పుడూ ఇచ్చినట్టు మీ చేత్తో ఇవ్వండి, అది తగ్గించకండి. పిల్లల కానుక పిల్లలు ఇస్తారు. రెండూ ఒకే కవర్‌లో పెట్టకండి. ఇంకో సంగతి, ఎదురింటి వాళ్లకి ఏ సైజు సీసా, ఏ కాగితం ఇస్తున్నారో అక్కకీ అదే ఇవ్వాలి. మా అమ్మకి ఒక ఇంట్లో పాప కార్డు గీసి ఇచ్చింది, పైన అమ్మ పేరు రాసి. పనిమనిషి అని కాదు, పేరు. ఆ కార్డు ఇప్పటికీ మా బియ్యం డబ్బా పైన గోడకి ఉంది. కాబట్టి అక్క పేరు, వాచ్‌మన్ గారి పేరు, వాళ్ల పిల్లల పేర్లు అడిగి తెలుసుకుని రాయమనండి. పని అయిపోయి వెళ్లేటప్పుడు గుమ్మంలో కాదు, కూర్చోబెట్టి ఇవ్వమనండి.

ఇక కానుకలో నా వంతు. టైలర్ల దగ్గర జాకెట్ల బిట్లు సంచులకొద్దీ మిగిలిపోతాయి, మీ వీధిలో టైలర్‌ని అడగండి, పిల్లలు చేసే పని అంటే డబ్బు తీసుకోరు. నోట్‌బుక్ అంత ముక్క తీసుకుని, పొడవు వైపు ఒక అంచుని వేలి వెడల్పున మడిచి కుట్టాలి, అది నాడా దూర్చే దారి. తర్వాత మంచి వైపు లోపలికి వచ్చేలా సగానికి మడిచి, అడుగు, పక్క కుట్టి తిరగేస్తే చిన్న సంచి వస్తుంది. పక్క కుట్టేటప్పుడు నాడా దారి దగ్గరికి రాగానే ఆపేయాలి, అది కూడా కుట్టేస్తే నాడా పోదు. పదేళ్ల పాప చేత్తో టాకాలు వేయగలదు, దగ్గర దగ్గరగా వేయమనండి, మామూలు సూది కాకుండా పెద్ద కన్ను, మొద్దు మొన ఉన్న సూది కొనండి. చిమ్మిలి ఉండలు నేరుగా గుడ్డలో పెడితే నూనె మరక పడుతుంది, ముందు అరటాకు ముక్కలోనో బటర్ పేపర్‌లోనో చుట్టి అప్పుడు సంచిలో పెట్టండి. తిన్నాక సంచి చిల్లరకో, పసుపు కుంకుమకో, మాత్రలకో పనికొస్తుంది.

మీ ఫ్లోర్‌లో ఎవరైనా బొమ్మల కొలువు పెడితే పేరంటానికి వచ్చినవాళ్లకి ఇవ్వడానికి కూడా ఇవే బాగుంటాయి.

ఎంవీపీ కాలనీ అమ్మ:

పేరు రాయమన్నారు చూడండి, అది చదివి కాసేపు అలా ఉండిపోయాను. మా ఇంట్లో అక్కని అందరం అక్క అనే అంటాం, పిల్లలకి ఆవిడ పేరు తెలియదు. రేపే అడగమన్నాను.

ఇలా అనుకున్నాం. అందరికీ పాప కుట్టిన చిన్న సంచిలో చిమ్మిలి, బాబు వేసిన బెండకాయ పువ్వుల కార్డు. మామ్మగారికీ తాతగారికీ అదనంగా పసుపు ఉత్తరం, చిప్పల ఫ్రేము. పిడకల దండలు మా ఫ్లోర్ పిల్లలందరూ కలిసి మేడ మీద చేస్తారు, పై ఫ్లాట్ పిల్లలు కూడా వస్తామన్నారు. మెంతికూర చిప్పలు ట్యూషన్ మేడమ్‌కి, వ్యాన్ అంకుల్‌కి. బిట్లు ఊరికే వస్తే ఖర్చు నువ్వులు, బెల్లం, రంగులు, సూదులు మాత్రమే, పూర్ణా మార్కెట్‌లో తీసుకుంటే ఐదొందల్లో మిగులుతుంది కూడా.

మామ్మగారూ, ఒక్క సందేహం. చిమ్మిలి ఎన్ని రోజుల ముందు చేసుకోవచ్చు? తెల్ల నువ్వులా, నల్లవా?

భీమిలి మామ్మ:

ఏవైనా పర్వాలేదు తల్లీ, పొట్టు తీయని నువ్వులైతే రుచి ఎక్కువ. నల్లవాటితో చేస్తే కొంచెం చిరుచేదు ఉంటుంది, పిల్లలకి తెల్లవే పెట్టు. కొనేటప్పుడు రెండు గింజలు నోట్లో వేసుకుని చూడు, పాత వాసన వస్తే వద్దు, ఎంత బెల్లం వేసినా ఆ వాసన పోదు. ఇసుక ఉంటుంది, కడిగి బాగా ఎండబెట్టాకే వేయించు. తడి చెయ్యి పెట్టకపోతే మూతున్న డబ్బాలో వారం పది రోజులు నిక్షేపంగా ఉంటుంది. భోగికి మూడు రోజుల ముందు చేయించు, రెండు రోజుల ముందు సంచుల్లో పెట్టు. ఉండలు చేసేటప్పుడే సగం తినేస్తారు, కాబట్టి ఓ గ్లాసు నువ్వులు ఎక్కువే వేయించుకో.